కాయా? పుండా?

పశువుల సంతలో ఎద్దును బేరమాడే రైతు ముందుగా దాని నోరు తెరిచి, పళ్లు చూసి వయసు అంచనా కట్టినా, బేరం తేల్చే చెయ్యి మాత్రం చివరికి మెడ మీదికే వెళ్తుంది. కాడి ఆనే చోట చర్మం మందమెక్కి కాయ కాచి ఉంటే అది పనిలో నలిగిన పశువని, అదే చోట వేలు తగలగానే ఉలిక్కిపడితే లోపల పుండు ఉందని ఆ చేతికి తెలుస్తుంది. వెళ్లిన పని ఏమైందని అడగడానికి తెలుగువారు ‘కాయా పండా’ అంటారు గాని, వాడిన వస్తువును కొనేవారికి అసలు ప్రశ్న ‘కాయా పుండా’ అన్నదే. ఈ ప్రశ్న అడ్వెంచర్ మోటార్‌సైకిల్ విషయంలో మరీ నిక్కచ్చిగా వర్తిస్తుంది; మామూలు బండి మీద గీత కనిపిస్తే అది ధర తగ్గించే లోపం, దెబ్బలు కాచుకోవడానికే తయారైన ఈ తరహా బండి మీద గీత కేవలం పని చేసిన గుర్తు.

అడ్వెంచర్ మోటార్‌సైకిల్ అంటే తారురోడ్డు మీద దూరప్రయాణానికీ, రోడ్డు అంతమైన తరువాత రాళ్లలో, ఇసుకలో, వాగుల్లో సాగడానికీ ఒక్కటే సరిపోయేలా రూపొందించిన బండి. 1980లో బీఎండబ్ల్యూ సంస్థ తెచ్చిన ఆర్ 80 జీ/ఎస్ ఈ తరహాకు ఆద్యమని సాధారణంగా చెబుతారు. మరుసటి ఏడాదే ఆ బండి పారిస్-డకార్ పోటీలో నెగ్గడంతో ఎడారినీ రహదారినీ కలిపే ఆలోచనకు పేరు వచ్చింది. భారతదేశంలో ఈ అభిరుచిని మధ్యతరగతి ఇంటి ముంగిటికి తెచ్చినది 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్: 411 సీసీ ఒంటి సిలిండర్ ఇంజిన్, ముందు 21 అంగుళాల, వెనుక 17 అంగుళాల చువ్వల చక్రాలు, నేలకూ ఇంజిన్ అడుగుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం, 15 లీటర్ల ట్యాంకు. సెకండ్ హ్యాండ్ సంతలో ఈ తరహా బండ్లలో తేలికగా దొరికేవాటిలో ఇది ఒకటి కనుక, పరీక్షా పద్ధతిని వివరించడానికి ఇంతకన్నా అనువైన ఉదాహరణ అక్కరలేదు.

పేరు ఒకటే అయినా అన్ని హిమాలయన్‌లూ ఒక్కటి కావన్నది మొదట గ్రహించవలసిన సంగతి. తొలి ఏడాది బండ్లు బీఎస్-3 ఉద్గార ప్రమాణాలకు లోబడి కార్బురేటర్‌తో వచ్చాయి. 2017లో బీఎస్-4తోపాటు పెట్రోలును లెక్క ప్రకారం చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఆ తరువాత, బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ చేరింది. 2020 నాటి బీఎస్-6 బండ్లలో మట్టిదారిలో వెనుక చక్రం వరకు ఆ ఏబీఎస్‌ను ఆపుకొనే వీలు కలిగింది. 2023 చివర నీటితో చల్లబడే 452 సీసీ ఇంజిన్‌తో పూర్తిగా కొత్త బండి వచ్చింది. కొనుగోలుదారు మోడల్ సంవత్సరాన్ని అమ్మకందారు నోటి మాటగా కాక, ఆర్‌సీలోని తయారీ నెలను చూసి నిర్ధారించుకోవాలి; విడిభాగాలు, మరమ్మతు పద్ధతి, ధర మూడూ దాని మీదే ఆధారపడతాయి.

పరీక్షకు పగటి వెలుగు, చల్లబడి ఉన్న ఇంజిన్, వీలైతే కడగని బండి కావాలి. అప్పటికప్పుడు నీళ్లు కొట్టి మెరిపించిన ఇంజిన్ మీద ఆయిల్ చెమర్చిన జాడ కనిపించదు, ముందే ఓసారి నడిపి వేడిచేసిన ఇంజిన్ ఉదయపు మొండితనాన్ని దాచేస్తుంది. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ తాళం అడగకముందే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూస్తాడు. అది గోరువెచ్చగా తగిలితే మర్యాదగా మరో రోజు వస్తానని చెప్పడం వృత్తి రహస్యాల్లో ఒకటి.

పడిన గుర్తులను చదవడం ఈ విద్యలో కీలకం. బండి పడడంలో మూడు రకాలున్నాయి. మూడింటి జాడలూ వేరు, వాటి బరువూ వేరు. దాదాపు 200 కిలోల బండి నిలిచిన చోటే పక్కకు ఒరిగితే క్లచ్ లేదా బ్రేకు లీవరు కొన వంగుతుంది, హ్యాండిల్ చివర గుండు గీరుకుంటుంది, ఇండికేటర్ విరుగుతుంది. ఇది కాయ మాత్రమే, దీన్ని చూసి వెనుదిరిగేవారికి ఈ తరహా బండి ఎన్నటికీ దొరకదు. వేగంలో జారి రోడ్డు మీద ఈడ్చుకుపోతే ఫుట్‌రెస్ట్ కొన, క్రాష్ గార్డు, ఇంజిన్ కవరు ఒకే దిశలో ఆకురాయితో రాసినట్టు అరుగుతాయి. అప్పుడు ఆ గార్డు బిగించిన చోట ఫ్రేము లాగబడిందా, కవరు అంచున ఆయిల్ ఊరుతోందా అని చూడాలి. మూడోది ఎదురుదెబ్బ, అంటే ముందు చక్రం గుంతకో బండరాయికో వాహనానికో సూటిగా గుద్దుకోవడం. పైకి పెద్దగా గీతలు లేకుండానే బండి వెన్ను విరిచేది ఇదే.

ఎదురుదెబ్బ, అధిక బరువు ఫ్రేముకు చేసిన గాయాల సాక్ష్యాలు మూడు చోట్ల దొరుకుతాయి. హ్యాండిల్‌ను చివరికంటా తిప్పినప్పుడు ఫ్రేముకు తగిలి ఆగేందుకు చిన్న ఇనుప మొటిమల్లాంటి అడ్డుకట్టలు ఉంటాయి. అవి నలిగి ఉంటే హ్యాండిల్ ఎప్పుడో అదుపు తప్పి గట్టిగా కొట్టుకుందన్నమాట. ట్యాంకు ముందు, హ్యాండిల్ ఇరుసు ఇమిడే గొట్టం చుట్టూ ఫ్రేము మీది పెయింటు ముడతపడినా, సన్నని పగులు కనిపించినా, ఆ ఒక్క చోటే రంగు కొత్తగా మెరిసినా అనుమానించాలి. సీటు తీసి, సామాన్ల పెట్టెలు మోసే వెనుక ఫ్రేమును వేలితో తడిమితే, ఎక్కువ బరువుకు చీలి ఆ తరువాత ఊరి వెల్డింగ్ షాపులో అతికించిన గరుకు అతుకు చేతికే తెలుస్తుంది. కంపెనీ అతుకు సాఫీగా, రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి కుడిని ఎడమతో పోల్చడమే ఇక్కడ కొలబద్ద.

ముందు భాగంలో మెకానిక్‌లు కోన్ సెట్ అని పిలిచే బేరింగుల జత హ్యాండిల్ ఇరుసును పైనా కిందా మోస్తుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, వెనుక ఒకరు అదిమి ముందు చక్రాన్ని గాలిలోకి లేపాక, హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మెల్లగా అటూ ఇటూ తిప్పితే అది నూనెలో తిరిగినట్టు సాగాలి. సరిగ్గా మధ్యకు రాగానే గాడిలో పడ్డట్టు ఆగితే, ఎదురుదెబ్బలకు బేరింగ్ గిన్నెలు సొట్టపడ్డాయని అర్థం. ఆ తరువాత ముందు ఫోర్కుల అడుగు భాగాన్ని పట్టుకొని ముందుకూ వెనక్కూ కుదిపితే ‘టక్’మన్న చప్పుడు వినిపించకూడదు. కోన్ సెట్ మార్చడం పెద్ద ఖర్చు కాదు గాని, అది ఎందుకు పోయిందన్న ప్రశ్నకు జవాబు పైన చెప్పిన మూడు చోట్లతో కలిపి వెతకాలి.

ముందు ఫోర్కు గొట్టాల మీద నూనె వలయం కనిపిస్తే సీలు పోయినట్టు. అదే గొట్టం మీద తుప్పు చుక్కలు గోటికి తగిలితే ఎన్ని కొత్త సీళ్లు వేసినా కోసుకుపోతాయి కనుక ఖర్చు గొట్టం దాకా వెళ్తుంది. చువ్వల చక్రాన్ని పరీక్షించడానికి కుమ్మరి దగ్గర కుండను వేలితో కొట్టి చూసే పద్ధతే చాలు. చిన్న స్పానరుతో ఒక్కో చువ్వనూ తాకిస్తూ పోతే బిగువుగా ఉన్నది ఖంగున మోగుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. చక్రాన్ని తిప్పి, కదలకుండా పట్టుకున్న పెన్సిల్ కొనకూ రిమ్ముకూ మధ్య సందును గమనిస్తే వంకర బయటపడుతుంది. వెనుక చక్రాన్ని చేత్తో పైకెత్తినప్పుడు ముందుగా కొంత వదులు తగిలి, ఆ తరువాతే బరువు లేస్తే, వెనుక షాక్ అబ్జార్బరును చక్రంతో కలిపే కీళ్ల బేరింగులు గ్రీజు లేక అరిగాయి. వాగులు దాటిన బండిలో నీరు కడిగేసే మొదటి గ్రీజు అక్కడిదే.

ఇంజిన్‌కు రాళ్లకన్నా నీళ్లూ దుమ్మూ పెద్ద శత్రువులు. 411 సీసీ ఇంజిన్ గాలితో, ఆయిల్‌తో చల్లబడుతుంది, అందులో కూలెంట్ నీరు ఉండదు. కాబట్టి ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో కనిపిస్తే ఆ నీరు బయటినుంచే చేరి ఉండాలి. ఆయిల్ మూత అడుగున కాస్త నురుగు మాత్రమే ఉంటే అది దగ్గరి తిరుగుళ్లలో పేరుకున్న ఆవిరి కావచ్చు, మొత్తం ఆయిల్ రంగే మారితే అది పుండు. నీటితో చల్లబడే 452 సీసీ బండిలో అదే రంగు కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్‌ను కూడా అనుమానించాలి. ఎయిర్ ఫిల్టరు విప్పి, దాని వెనుక ఇంజిన్ వైపు గొట్టంలో వేలు పెట్టి తుడిచినప్పుడు మట్టి అంటితే, ఆ మట్టి పిస్టన్ దాకా వెళ్లి సిలిండర్ గోడను గీరిందని భయపడవలసిందే.

స్టార్ట్ చేశాక వచ్చే పొగ రంగు ఒక భాష. చలి ఉదయాన తెల్లని ఆవిరి కొద్దిసేపు వస్తే తప్పులేదు. నల్ల పొగ పెట్రోలు ఎక్కువ మండడాన్ని, నీలి పొగ పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగి ఆయిల్ మండడాన్ని చెబుతాయి. చప్పుడు విషయంలో అందరూ నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటారు గాని, వాల్వులను తెరిచే భాగాల మధ్య ఉంచే ‘ట్యాపెట్ సందు’ అనే సన్నని ఎడం మరీ బిగుసుకుపోయిన ఇంజిన్ కూడా నిశ్శబ్దంగానే ఉండి, పూర్తిగా మూసుకోని వాల్వును లోలోపల కాల్చేస్తుంది. గడియారంలాంటి సన్నని టిక్కుటిక్కు కన్నా అనుమానాస్పదమైన మౌనమే ప్రమాదం.

మీటరు మీది కిలోమీటర్ల అంకె అన్ని సాక్ష్యాల్లోకీ బలహీనమైనది, ఎందుకంటే మీటరు మార్చడం తేలిక, ఫుట్‌రెస్ట్ రబ్బరునూ బ్రేకు డిస్కు అంచు గట్టునూ సీటు కుంగుబాటునూ ఒకేసారి మార్చడం కష్టం. టైరు పక్కగోడ మీది నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారాన్నీ చివరి రెండు సంవత్సరాన్నీ తెలుపుతాయి కనుక, 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. గాడి ఎంత లోతున్నా రబ్బరు ముసలిదైతే తడిరోడ్డు మీద పట్టు ఉండదు. చెయిన్‌ను వెనుక స్ప్రాకెట్ మీద నుంచి వేలితో లాగినప్పుడు పళ్లు సగం బయటపడినా, పళ్లు కొడవలి మొనల్లా ఒకవైపు వంగినా, చెయిన్ సెట్టు మొత్తం మార్చాలి. ఫాగ్ లైట్ల కోసం అసలు వైర్లను కోసి ఇన్సులేషన్ టేపు చుట్టిన బండిలో వర్షాకాలపు చీకటి కాపుగాసి ఉంటుంది. ఏబీఎస్ ఉన్న బండిలో తాళం తిప్పగానే దాని దీపం వెలిగి, బండి కదిలాక ఆరాలి. అసలు వెలగకపోతే లోపాన్ని బాగుచేయకుండా దీపం నోరే నొక్కి ఉండవచ్చు.

నడిపి చూసేటప్పుడు హ్యాండిల్ మీద పట్టు కాస్త సడలించినా బండి సూటిగా పోవాలి, గట్టి బ్రేకులో పక్కకు లాగకూడదు. చివరి గేరులో తక్కువ వేగాన యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పినప్పుడు ఇంజిన్ గొంతు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అరిగినట్టే.

ఇనుము పరీక్ష ముగిశాక కాగితం పరీక్ష మొదలవుతుంది. హ్యాండిల్ ఇరుసు ఇమిడే గొట్టం మీది ఛాసిస్ నంబరూ, ఇంజిన్ మీది నంబరూ ఆర్‌సీతో అక్షరం అక్షరం కలవాలి. అద్దెకు తిప్పిన బండి అయితే నల్లని పలక మీద పసుపు అక్షరాలతో నమోదై ఉంటుంది కనుక, పలక మార్చినా ఆర్‌సీలోని వాహన తరగతి ఆ చరిత్రను చెప్పగలదు. యాజమాన్య బదిలీకి 29, 30 నంబరు ఫారాలు, బండి మరో రాష్ట్రానిదైతే నిరభ్యంతర పత్రానికి 28వ ఫారం, అప్పు మీద కొన్నదైతే ఆ భారం తీరిందని ఫైనాన్స్ సంస్థ సంతకం చేసిన 35వ ఫారం కావాలి. బెంగళూరులోనో పుణెలోనో చవకగా దొరికిందని తెచ్చుకునే హైదరాబాద్, విజయవాడ కొనుగోలుదారులు ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్స్‌ను ధరలో ముందే కలుపుకోవాలి. మోటారు వాహనాల చట్టం కొనుగోలుదారుకు బదిలీ కోసం 30 రోజులు, బీమాను తన పేర మార్పించుకోవడానికి 14 రోజులు గడువు ఇచ్చింది. ఆర్‌సీలో పేరు మారనంత కాలం ప్రమాద పరిహార బాధ్యత పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కనుక, బదిలీ తొందర అమ్మేవారికీ ఉండాలి. అది లేని అమ్మకందారు ఏదో దాస్తున్నాడనో, తన నష్టం తనకే తెలియదనో అనుకోవాలి. కట్టని ఈ-చలాన్ల జాబితా కూడా చూస్తే బండి ఏ వీధుల్లో ఎంత వేగంతో బతికిందో కొంత అర్థమవుతుంది.

ఇంత పరీక్ష తరువాత కూడా ఒక అపోహ మిగులుతుంది: ఒక్క గీత లేని, తక్కువ తిరిగిన బండే ఉత్తమమన్నది. ఏళ్ల తరబడి గోడకు ఆనించిన బండిలో సీళ్లు గట్టిపడతాయి, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, నిలవ పెట్రోలు జిగురవుతుంది. అది కాడి ఎరగని ఎద్దు, దాని సత్తువ ఎవరికీ తెలియదు. దానికన్నా లదాఖ్ వెళ్లి వచ్చి, అడుగు పలక నిండా రాళ్ల దెబ్బలతో, తిరిగి రాగానే ఆయిల్ మార్చిన తేదీ, కోన్ సెట్ బిగించిన తేదీ రాసుకున్న చిన్న నోటు పుస్తకంతో నిలబడ్డ బండి నమ్మదగినది. బండి ఎక్కడికి వెళ్లిందన్నది ప్రయాణపు గొప్ప. వచ్చాక దాన్ని ఎవరు విప్పి చూశారన్నది బండి ఆరోగ్యం. ఆ పుస్తకం చేతికి అందినప్పుడు కొనుగోలుదారు చేయవలసిన మొదటి పని దాన్ని బీరువాలో దాచడం కాదు, కొన్న రోజు కిలోమీటర్ల అంకెను కింది గీత మీద రాయడం. ఏదో ఒక రోజు మరొకరి చెయ్యి ఆ బండి మెడను తడిమి చూస్తుంది.