ధర చెప్పని నోటి మెనూ

నెల్లూరు నుంచి మైపాడు, కృష్ణపట్నం వైపు సాగే దారుల్లోని కొన్ని కొత్త రెస్టారెంట్లలో ‘నెల్లూరు చేపల పులుసు’ అన్న పేరును ఎర్ర చట్రంలో, మట్టికుండ బొమ్మతో సహా అచ్చువేసి, అందులో పడేది కొరమీనా, వంజరమా, చెరువులో పెరిగిన శీలావతా అన్నది మాత్రం ఎక్కడా చెప్పని మెనూ కార్డు ఈ వారం ఈ శీర్షికకు చిరాకు తెప్పించింది. అరిటాకు ముందు కూర్చున్నవారికి కార్డెందుకన్న పాత వాదన ఇక్కడి చదువరులకు కొత్త కాదు.

కార్డులో వంటకాలను పేర్చే తీరు, ధరలు వేసే తీరు తినేవారి ఎంపికను కదిలిస్తాయని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. రెండు వస్తువుల మధ్య తేల్చుకోలేనివారికి, వాటిలో ఒకదానికన్నా స్పష్టంగా నాసి అయిన మూడోదాన్ని చూపితే ఆ ఒకదానివైపే మొగ్గు పెరుగుతుందని జోయెల్ హ్యూబర్, మరో ఇద్దరు 1982లో చూపారు; వంజరానికీ కొరమీనుకీ మధ్య ఊగేవారి కంట, కొరమీను ధరకే చిన్న ముక్కతో వచ్చే మరో కొరమీను వంటకం పడితే, పెద్ద ముక్క లాభంగా తోస్తుంది. డాలరు గుర్తు లేకుండా వట్టి అంకె వేసిన కార్డు అందుకున్నవారు ఎక్కువ ఖర్చు చేశారని 2009లో కార్నెల్ పరిశోధకులు గమనించారు. కన్ను ముందుగా ఫలానా మూలకే పోతుందన్న సలహాదారుల మాట మాత్రం అంత గట్టిది కాదు. సిబిల్ యాంగ్ 2012లో కంటి కదలికలను కొలిచి చూస్తే, జనం కార్డును పుస్తకంలాగే చదువుకుంటూ పోయారు.

ఈ తంతేమీ లేని చోటు మెస్సు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరులలో సైతం నెల్లూరు పేరును బోర్డుకెక్కించిన ఈ భోజనశాలల పాత పద్ధతిలో ఆకు వేసి, నీళ్లు చిలకరించి, అన్నం, పప్పు, కూర వరసగా వడ్డించాక, ‘స్పెషల్ ఏం కావాలన్నా?’ అంటూ సర్వరు పక్కన నిలబడి, కొరమీను పులుసు, వంజరం వేపుడు, రొయ్యల ఇగురు అని గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెడతాడు. ఆ పూట వంటింట్లో లేనిది ఆ ఏకరువులో ఉండదు, ఏ చేపో అడిగితే జవాబు అక్కడికక్కడే దొరుకుతుంది. మామిడికాయ పులుపు ముక్కకు పట్టి పులుసు రుచి మర్నాటికే కుదురుతుందని నమ్మే జిల్లాలో సర్వరు ‘నిన్నటిది’ అంటే అది పొగడ్తే అవుతుంది. ఏ కార్డూ ఆ మాటను అచ్చువేసే సాహసం చేయదు.

అయినా మెస్సుకు ఓటు వేయడానికి చేయి రాదు. చెవితో విన్న జాబితాలో చివరి పేర్లు బాగా గుర్తుంటాయన్నది మనస్తత్వశాస్త్రంలో పాత సంగతే. మిగిలిపోయేలా ఉన్నదాన్ని చివర్న, ‘ఇప్పుడే దించారు’ అన్న తోక తగిలించి చెప్పే విద్య సర్వరుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పైగా ఆ ఏకరువులో ధర వినిపించదు, నలుగురి ముందు అడగడం చిన్నతనంగా తోస్తుంది, చేయి కడుక్కున్నాక గానీ లెక్క తెలియదు. కార్డు ఎన్ని ఎరలు వేసినా ధరను ముందే చూపి, ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది గనుక, ఈ శీర్షిక పాత వాదనను పక్కనపెట్టి కార్డునే కోరుకుంటున్నది, అయితే చేప పేరు రాసిన కార్డును.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, మోటారు పడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో సముద్రపు చేప పేరిట వడ్డించేది మంచులో దాచినదో, తెరచాప పడవ తెచ్చినదో కార్డులో ఒక్క పంక్తి రాయడం హోటలువారికి భారం కాదు. పది, అంతకుమించి శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు చూపాలన్న నిబంధన 2022 జులై నుంచి అమలులోకి వచ్చింది. కేలరీలు లెక్కగట్టగలవారికి చేప పేరు రాయడం కష్టమేమీ కాదు. వారు రాసేదాకా, పులుసు చెప్పేముందు అది ఏ చేపదో, ముక్క ఎంతో చదువరులు నోరు తెరిచి అడగాలి.