సినిమా విమర్శలో వస్తునిష్ఠ: ‘శంకరాభరణం’ ఆధారంగా ఒక పరిశీలన

సినిమా విమర్శ వస్తునిష్ఠంగా ఉండగలదా అన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. ఛాయాగ్రహణం, కూర్పు, సంగీతం, నటన వంటి అంశాలకు ప్రమాణాలున్నాయి కనుక ఉండగలదనేది ఒకటి. ఎవరి అభిరుచి వారిది కనుక అది సాధ్యం కాదనేది మరొకటి. మొదటిది విమర్శను సాంకేతిక నివేదికగా మారుస్తుంది. రెండవది చర్చకే తావులేకుండా చేస్తుంది. విమర్శలోని వాక్యాలన్నీ ఒకే స్వభావం కలవని భావించడమే ఈ రెండింటిలోని లోపం.

ఏ విమర్శలోనైనా వర్ణన, వ్యాఖ్యానం, మూల్యాంకనం అనే మూడు అంచెలుంటాయి. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1980లో విడుదలైన ‘శంకరాభరణం’ చిత్రాన్నే తీసుకుందాం. శంకరశాస్త్రి సంఘం వెలివేసినా వెనుదీయక తులసిని ఆదరిస్తాడు. తులసి కుమారుడు ఆయన శిష్యుడవుతాడు. చివరి కచేరీలో శాస్త్రి తన గండపెండేరాన్ని ఆ బాలునికిచ్చి కన్నుమూస్తాడు. ఆయన పాదాల చెంతనే తులసి మరణిస్తుంది. ఇది వర్ణన. చిత్రాన్ని చూసిన ఎవరైనా దీనిని సరిచూడవచ్చు.

వ్యాఖ్యానం దగ్గర దారులు చీలుతాయి. శాస్త్రీయ సంగీత పునరుజ్జీవనాన్ని, కులాచారాన్ని ధిక్కరించిన గురుశిష్య బంధాన్ని ఈ చిత్రంలో చూసేవారున్నారు. మరో దృష్టితో చూస్తే, తరతరాలుగా సంగీత నాట్యాలను పోషించిన దేవదాసి కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ, ఆ కళకు వారసురాలిగా గాక భక్తురాలిగా మిగిలిపోవడం కనిపిస్తుంది. దేవాలయాలకు స్త్రీలను అంకితం చేయడాన్ని నిషేధించిన 1947 నాటి మద్రాసు చట్టాన్ని, దాని వెనుకనున్న సంస్కరణోద్యమాన్ని ఎరిగిన పాఠకునికి ఈ రెండవ కోణం మరింత స్పష్టంగా గోచరిస్తుంది.

ఈ రెండు వ్యాఖ్యానాలూ ఆత్మనిష్ఠాలే అయినా, రెండూ చిత్రానికి జవాబుదారీ. నర్తకిగా పరిచయమైన తులసి కథ అలా ఎందుకు ముగిసిందో మొదటి వ్యాఖ్యానం వివరించాలి. శాస్త్రి ఎదుర్కొన్న వెలికి రెండవది తగిన విలువనివ్వాలి. తనకు ప్రతికూలమైన సన్నివేశాన్ని దాటవేయని వ్యాఖ్యానమే బలమైనది. ఈ కొలతకు విమర్శకుని అభిరుచితో పనిలేదు.

మన అలంకారశాస్త్రం ఈ సమస్యను ముందే గుర్తించింది. కావ్యాభ్యాసంతో నిర్మలమైన మనసనే అద్దం కలవానినే అభినవగుప్తుడు సహృదయుడన్నాడు. అంటే అనుభూతి వ్యక్తిగతమే అయినా, అభ్యాసం దానికి క్రమశిక్షణనిస్తుంది. అయితే భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణాన్ని సినిమాకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. ఒకే తెరముందు కూర్చున్నవారి కులం, లింగం, చరిత్ర వేరు. తులసి స్థానం నుంచి చూసేవారికీ శాస్త్రి స్థానం నుంచి చూసేవారికీ ఒకే రసానుభూతి కలగాలన్న నియమం లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రధాన స్రవంతి ప్రశంస వస్తునిష్ఠంగా చలామణీ అవుతుంది. దళిత, స్త్రీవాద దృక్పథాల నుంచి వచ్చిన అభ్యంతరం మాత్రం ఆత్మనిష్ఠమన్న ముద్ర పొందుతుంది. ‘శంకరాభరణం’ సంగీతానికీ నేపథ్య గానానికీ జాతీయ పురస్కారాలు లభించాయన్నది వాస్తవం. ఆ వాస్తవం తులసి పాత్రను గురించిన ప్రశ్నకు సమాధానం కాజాలదు. ప్రశంస కూడా ఒక స్థానం నుంచి వెలువడిన మాటే. అది తన స్థానాన్ని చెప్పుకోవలసిన అవసరం లేకపోవడం దానికున్న సామాజిక బలాన్ని తెలుపుతుందే తప్ప దాని సత్యాన్ని కాదు.

కాబట్టి సినిమా విమర్శ నుంచి మనం ఆశించవలసింది విమర్శకుడు లేని విమర్శను కాదు. వర్ణనలో ఖచ్చితత్వం, వ్యాఖ్యానంలో ప్రతికూల సాక్ష్యాన్ని ఎదుర్కొనే నిజాయితీ, మూల్యాంకనంలో తాను నిలిచిన చోటును ప్రకటించే స్పష్టత ఉన్నప్పుడు పాఠకుడు విమర్శకునితో విభేదిస్తూనే అతని మాటను పరీక్షించగలడు. తెలుగు శాఖలలో సినిమాపై జరిగే పరిశోధనలను ఈ పరీక్షకు పెట్టడం అవసరం. అభినందన వ్యాసాలకూ అభ్యంతర వ్యాసాలకూ అది సమానంగా వర్తించాలి.