పటము నిలిచినది, కథ యేది?

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల పటములను నేఁడు మనలో ననేకు లెఱుఁగుదురు. ఎఱ్ఱని పూతమీఁద మెఱయు నా బొమ్మలను గోడ కందమని కొని తగిలించుకొనువారును గలరు. వాని యందమునుగూర్చి నాకు వివాదము లేదు. ప్రదర్శనశాలలలో వానిక్రింద నంటించు చీటీనిగూర్చియే నా యాక్షేపణ. జానపద చిత్రమని వ్రాసి యూరకుందురు. ఎవరి చిత్రము? ఎవరు చూపిరి? ఎవరికిఁ జూపిరి?

ఈ పటము గోడకొఱకుఁ బుట్టినది కాదు. ఖద్దరుగుడ్డకుఁ జింతగింజల జిగురును, సుద్దయుఁ బట్టించి నకాషీలు వ్రాసి యిచ్చిన చుట్టను వ్రేలఁగట్టి, కథకుఁ డొక్కొక్క బొమ్మయే చూపుచు రాత్రులు పాడును. కులమున కొక కథ. పద్మశాలీలకుఁ గూనపులివారు మార్కండేయ పురాణమును, ముదిరాజులకుఁ గాకిపడగలవారు పాండవుల కథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును వినిపింతురు. గొల్లలకుఁ గథ చెప్పు మందహెచ్చులవారు పటమునకు బదులు కొయ్యబొమ్మలను నిలిపి కాటమరాజు కథ నెత్తుకొందురు. పద్మశాలీల పటములలో 1625 నాటి దొకటి నేఁటికిని నిలిచియున్నది. అయినను జీర్ణించిన పటమును నదిలో విడిచి క్రొత్తది వ్రాయించుకొనుటయే వారి యాచారము. వారియొద్ద గుడ్డ పోయినను గథ నిలిచినది. మనయొద్ద గుడ్డ నిలిచినది.

జాంబపురాణమునే చూడుఁడు. ఊరివెలుపల నుంచఁబడినవారు తమ మూలపురుషుఁడగు జాంబవుఁడు భూమికంటె ముందే పుట్టెనని యందుఁ జెప్పుకొనిరి. ఇది వేడుకమాట కాదు. ఊరి పెద్దఱికము నెదిరించిన మాట. దానిని వినిపించు డక్కలివారో, మాదిగలచేతను దూరముగా నుంచఁబడినవారు! తమ్ము దగ్గఱకు రానీయనివారి గౌరవమును దాము మోసికొని తిరిగిరి. ఈ సంగతి చీటీలో లేనప్పు డా పటమునం దేమి చూచినట్లు?

కులకథలను బహిరంగముగాఁ జూపినచోఁ గులము మఱింత బలపడదా యని సంస్కారప్రియులు కొంద ఱడుగుదురు. అడుగఁదగిన ప్రశ్నయే, నేనును గొంతకాల మట్లే తలంచితిని. కాని చీటీలోఁ బేరు తుడిచినందువలనఁ గులము పోలేదు, డక్కలివారి పేరు మాత్రము పోయినది. గ్రామములో నొక కులమువారి ఖర్చుతో, వారి యెదుట జరిగిన యీ కథను దక్కినవారు విన్నను దమది కాదనియే వినిరి. ప్రదర్శనశాల ముంగిట నట్టి హద్దు లేదు. పద్మశాలి ప్రక్క మాదిగయు, మాదిగ ప్రక్క బ్రాహ్మణుఁడును గూర్చుండి వినవచ్చును.

కావున నెలకొకసారియైన నా యద్దముల పెట్టెను దెఱవవలయును. పాతపటము చిరుగునను భయమున్నచో నకాషీలచేత మఱియొకటి వ్రాయింపవచ్చును. దానిని విప్పుటకు డక్కలివారినే పిలువవలయును. పండితులకు సభలో నిచ్చునట్లే వారికిని సంభావన ముట్టఁజెప్పవలయును.