ఎత్తు కొలిచే కర్ర ముందు

థీమ్ పార్కులో ఫలానా పాత రైడ్ మూసేస్తున్నారు, దాని చోట కొత్తది వస్తోంది అని వార్త రాగానే కొందరు వేగం ఎంతో చూస్తారు, కొందరు ఏ సినిమా కథో చూస్తారు. నేను చూసేది దాని గుమ్మం దగ్గర నిలబెట్టే కర్రని. పిల్లల్ని ఆ కర్ర పక్కన నిలబెట్టి ఎత్తు చూస్తారు. సరిపోతే లోపలికి, లేకపోతే పక్కకి. పాత రైడ్‌కి లేని కర్ర కొత్తదానికి వచ్చిందంటే, వచ్చిన కుటుంబంలో ఎవరో ఒకరు ఇకమీదట బయట ఆగిపోవాలి.

మేముండేది ఫ్లోరిడాలో. ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళకి ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే ఓర్లాండో చూపించకుండా తిరిగి పంపడం ఉండదు. అందుకని మా గుంపులో ఎప్పుడూ అన్ని వయసులూ ఉంటాయి. ఇంకా చంకదిగని పిల్ల, ఫోన్‌లోంచి తలెత్తని పదిహేనేళ్ళవాడు, మోకాళ్ళ నొప్పులతో మా అత్తయ్య, బీపీ మాత్రలు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగే మామయ్య. వీళ్ళందర్నీ ఒకే పడవలో కూర్చోబెట్టి, ఒకే బొమ్మను చూపించి, ఒకేసారి నవ్వించగలిగే రైడ్ కట్టడం గొప్ప విద్య. కూల్చేటప్పుడు ఆ విద్యకి ఎవరూ విలువ కట్టడం లేదన్నదే నా బాధ.

ఓర్లాండోలోని డిస్నీ పార్కు ఎప్‌కాట్ సంగతే చూడండి. 1982 అక్టోబర్ 1న ఆ పార్కు తెరిచిన రోజునే ‘వరల్డ్ ఆఫ్ మోషన్’ ఉంది. కాలినడక నుంచి కార్ల దాకా మనిషి ప్రయాణాన్ని కదిలే బొమ్మలతో తమాషాగా చెప్పేది. డిస్నీ తొలితరం చిత్రకారుడు వార్డ్ కింబాల్ హాస్యం దాని నిండా ఉండేది. ‘యూనివర్స్ ఆఫ్ ఎనర్జీ’ కూడా ఆ రోజు మొదలైందే. సినిమా హాల్లో కూర్చున్నాం అనుకుంటూ ఉండగానే ఆ కుర్చీల వరసలు ముక్కలుగా విడిపోయి, మెల్లగా కదిలి, డైనోసార్ల అడవిలోకి వెళ్ళేవి. సరిగ్గా ఏడాదికి ‘హొరైజన్స్’ వచ్చింది. రేపటి మనుషులు ఎడారిలో, సముద్రం అడుగున, అంతరిక్షంలో ఎలా బతుకుతారో చూపించేది. ఎడారిని తోటగా మార్చిన చోట నారింజపండ్ల వాసన వదిలేవారు. చివర ఏ దారిన ఇంటికి వెళ్ళాలో బండిలో కూర్చున్నవాళ్ళే మీట నొక్కి తేల్చుకునేవారు.

మూడూ పోయాయి. వరల్డ్ ఆఫ్ మోషన్ 1996లో మూసేసి, 1999లో ‘టెస్ట్ ట్రాక్’ తెరిచారు. కారు గంటకు వంద కిలోమీటర్లు దాటి పరుగెడుతుంది, ఎక్కాలంటే 40 అంగుళాలుండాలి. హొరైజన్స్ 1999 జనవరిలో ఆగింది, భవనాన్ని నేలమట్టం చేసి 2003లో ‘మిషన్: స్పేస్’ కట్టారు. అది మనిషిని గిరగిరా తిప్పి రాకెట్ ఎక్కిన ఒత్తిడిని ఒంటికి తెలిసేలా చేస్తుంది. గట్టిగా తిరిగేదానికి 44 అంగుళాలుండాలి, వాంతికి సంచీలు అందుబాటులో ఉంచుతారు. యూనివర్స్ ఆఫ్ ఎనర్జీ 2017 ఆగస్టు 13న ఆగిపోయింది, 2022 మేలో ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ: కాస్మిక్ రివైండ్’ వచ్చింది. 42 అంగుళాలు. మూడింటి దగ్గరా గుండె, రక్తపోటు, మెడ, నడుము నొప్పులున్నవాళ్ళు ఎక్కవద్దని బోర్డులుంటాయి. మా మామయ్య ఆ బోర్డుని శ్రద్ధగా, పైకి చదివి, నీడ వెతుక్కుంటారు.

కొత్తవి బాగోలేవని నేననను. కాస్మిక్ రివైండ్ అంటే నాకు పిచ్చి ఇష్టం. రోలర్ కోస్టర్ ముందుకు మాత్రమే చూడాలన్న నియమాన్ని అది పట్టించుకోదు. పట్టాల మీద పరుగెత్తుతూనే బండి తనచుట్టూ తాను తిరిగి మన ముఖాన్ని చూడవలసిన దృశ్యం వైపు పెడుతుంది. మొదటి దూకుడే వెనక్కి. దాన్ని తయారుచేసినవాళ్ళ చేతులకి దండం పెట్టాలి. దానికి చోటు కావాలంటే ఏదో ఒకటి పోక తప్పదేమో కూడా. పాతవి పోవడానికి కారణాలూ లేకపోలేదు. ఎప్‌కాట్ పెవిలియన్లకి పెద్ద కంపెనీలు డబ్బు పెట్టేవి. హొరైజన్స్‌కి జనరల్ ఎలక్ట్రిక్ ఉండేది, 1993లో అది తప్పుకుంది. చెప్పే భవిష్యత్తు పాతబడింది, డబ్బిచ్చేవాళ్ళు లేరు, క్యూలు పలచబడ్డాయి. ఇన్ని కలిస్తే ఏ రైడైనా నిలవడం కష్టం.

అయినా మూడింటికి మూడూ ఒకే వైపు మారడం నాకు మింగుడుపడదు. ఆ పాత రైడ్లు నడిచిన తీరే వేరు. వరల్డ్ ఆఫ్ మోషన్, హొరైజన్స్‌లలో ‘ఆమ్నిమూవర్’ అనే పద్ధతి వాడారు. బళ్ళు గొలుసుకట్టుగా ఆగకుండా పోతుంటాయి, మనుషులు కదులుతున్న మెట్టు మీద అడుగేసి కూర్చుంటారు. ఆగడం లేదు కాబట్టి క్యూ కూడా ఆగదు. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1969 నుంచి నడుస్తున్న ‘హాంటెడ్ మాన్షన్’ ఈ పద్ధతిలోనే గంటకు రెండు వేలమందికి పైగా మింగేస్తుంది. ఎండలో గంటన్నర నిలబడలేని పెద్దవాళ్ళకి, చీకటి, చల్లదనం, కూర్చునే చోటు కలిసి దొరికే వరం అది. ఎత్తు కొలిచే పని లేదు, భయపడే పని లేదు. చూపించే తీరులోనే పనితనమంతా ఉంటుంది. బండిని ఎడమకు తిప్పి ఒకటి చూపిస్తారు, కుడికి తిప్పి ఇంకొకటి దాస్తారు. వేగం లేకుండా మనిషిని ఆశ్చర్యపరచాలంటే దీపం, శబ్దం, వాసన, బొమ్మ కనురెప్ప, అన్నీ సరిగ్గా కుదరాలి. వేగంతో ఆశ్చర్యపరచడం కంటే ఇదే కష్టమని నా నమ్మకం.

వాల్ట్ డిస్నీకి అసలీ పార్కు ఆలోచన ఎలా వచ్చిందో ఆయనే చెప్పాడు. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్ళు గుర్రాల రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆయన బెంచీ మీద కూర్చుని చూసేవాడట. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుంటే ఎంత బాగుంటుంది అనుకున్నాడట. 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరుచుకుంది. పెద్దవాళ్ళని బెంచీ మీంచి లేపడానికి పుట్టిన పార్కుల్లో, ఒక్కొక్క మార్పుతో వాళ్ళని మళ్ళీ బెంచీ మీదికి పంపుతున్నారు. ఇప్పుడు ‘రైడర్ స్విచ్’ అనే ఏర్పాటుంది. ఎత్తు చాలని పిల్లతో ఒకరు బయట ఉంటే, ఇంకొకరు ఎక్కి దిగి వస్తారు, తర్వాత వీళ్ళు మారతారు. మంచి ఏర్పాటే, మేమూ వాడుకుంటాం. కానీ భార్య చూసిన అద్భుతాన్ని భర్త అరగంట తర్వాత ఒక్కడే చూసొస్తే, దాని గురించి కలిసి కేరింతలు కొట్టేదెప్పుడు?

మార్పు ఎలా చేయాలో ఇదే సంస్థకి బాగా తెలుసు. ఎప్‌కాట్‌లోని నార్వే పెవిలియన్‌లో 1988 నుంచి ‘మేల్‌స్ట్రోమ్’ అనే పడవ రైడ్ ఉండేది. ట్రోల్ దయ్యాలు, వైకింగులు, ఉత్తర సముద్రంలో చమురు బావి. 2014 అక్టోబర్‌లో మూసేసి 2016 జూన్‌లో ‘ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్’ తెరిచారు. అదే కాలువ, మధ్యలో వెనక్కి సాగే అదే ప్రయాణం. కర్ర లేదు. నిజంగా ఉన్న దేశం పోయి సినిమాలోని ఊహా రాజ్యం రావడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. దేశాల్ని పరిచయం చేయడానికి కట్టిన చోట అదొక లోటే. కానీ మా ఇంటి చిన్నపిల్ల అత్తయ్య ఒళ్ళో కూర్చుని ఎల్సాని చూసింది. అత్తయ్యకి ఎల్సా ఎవరో తెలియదు, పిల్ల ముఖం చూసి మురిసిపోయింది. పడవ దిగగానే “అమ్మాయ్, ఇంకోసారి ఎక్కుదామా?” అంది. ఆ మాట కోసమే కదా ఇంత దూరం తీసుకొచ్చింది! ‘గ్రేట్ మూవీ రైడ్’ని తీసి 2020 మార్చిలో పెట్టిన మిక్కీ, మిన్నీల రైలు కూడా అలాంటిదే. బళ్ళు పట్టాలు లేకుండా విడిపోయి తిరుగుతాయి, కొత్త పరిజ్ఞానం బోలెడుంది, ఎవరైనా ఎక్కొచ్చు.

కొన్నిటిని మార్చి తీరాలి కూడా. ‘స్ప్లాష్ మౌంటెన్’ గురించి చెప్పాలి. 1989లో డిస్నీల్యాండ్‌లో మొదలైన ఈ నీటి రైడ్‌ని టోనీ బాక్స్‌టర్ రూపొందించాడు. చీకట్లో కథ చెబుతూ తీసుకెళ్ళి, చివర యాభై అడుగుల పైనుంచి నీళ్ళలోకి జారవిడిచే పద్ధతి అపురూపం. కానీ కథ తెచ్చుకున్నది 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ సినిమా నుంచి. దక్షిణాది తోటల్లో నల్లవాళ్ళ జీవితాన్ని హాయిగా, పాటలు పాడుకుంటూ గడిచిపోయినట్టు చూపించిన సినిమా అది. అందులో ముఖ్యపాత్ర వేసిన జేమ్స్ బాస్కెట్ నల్లజాతివాడు కావడంతో, అట్లాంటాలో జరిగిన మొదటి ప్రదర్శనకి వెళ్ళలేకపోయాడు. ఆ ఊళ్ళో వర్ణవివక్ష అలాంటిది. అమెరికాలో ఆ సినిమాని ఇంట్లో చూసుకునేలా డిస్నీ ఏనాడూ విడుదల చేయలేదు. సినిమాని దాచిపెట్టి దాని పాటని కొండెక్కించి పాడించడం ఎన్నాళ్ళు సాగుతుంది? 2023లో రెండు అమెరికా పార్కుల్లోనూ మూసేశారు. 2024లో అదే కాలువలో, అదే జారుడుతో ‘టియానాస్ బాయూ అడ్వెంచర్’ వచ్చింది. న్యూ ఆర్లియన్స్ అమ్మాయి టియానా, డిస్నీ సినిమాల్లో మొదటి నల్లజాతి రాకుమారి. పాత కథకి అలవాటుపడినవాళ్ళ కన్నీళ్ళు నాకు అర్థమవుతాయి. అయినా ఈ మార్పు న్యాయం. కర్ర కూడా పాత ఎత్తులోనే ఉంది, ఎక్కగలిగినవాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు.

ఆ స్ప్లాష్ మౌంటెన్‌ని నింపింది కూడా ఒక పాత ప్రదర్శన బొమ్మలతోనే. డిస్నీల్యాండ్‌లో 1974 నుంచి 1988 దాకా ‘అమెరికా సింగ్స్’ అనే ప్రదర్శన ఉండేది. మార్క్ డేవిస్ గీసిన నక్కలు, కప్పలు, బాతులు, కోళ్ళు పాటలు పాడేవి. అది మూసేశాక ఆ బొమ్మల్లో చాలావాటిని తెచ్చి కొత్త కొండలో కొలువుంచారు. మన ఊళ్ళలో పాత ఇల్లు పడగొట్టినా టేకు గుమ్మాన్ని కొత్తింటికి ఎత్తిపెట్టినట్టు. అమెరికా సింగ్స్ ఇంకా నడుస్తుండగానే రెండు బాతుల్ని తీసి, పైతొడుగులు వలిచి, లోపలి యంత్రాల్ని 1987లో ‘స్టార్ టూర్స్’ రైడ్ క్యూలో రోబోలుగా నిలబెట్టారు కూడా. పనివాళ్ళు పనివాళ్ళ చేతిపనిని పారేయలేకపోయారు. ఇలాంటివి వింటే నా మనసు నిండుతుంది.

ఓర్లాండోలోనే ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్‌ పార్కులో ‘మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్’ని 1998లో తీసేస్తారనగానే అభిమానులు పచ్చ చొక్కాలు తొడుక్కుని వచ్చి నిరసన తెలిపారు. ఆగలేదు, మరుసటి ఏడాది విన్నీ ది పూ వచ్చాడు. ఆ కొత్త రైడ్ గోడ మీద ఒక చిన్న పటం ఉంది. అందులో మిస్టర్ టోడ్ ఇంటి దస్తావేజుని గుడ్లగూబ చేతిలో పెడుతుంటాడు. మిషన్: స్పేస్ క్యూలో పెద్ద చక్రం నడిమధ్య హొరైజన్స్ గుర్తు ఉంది. పిల్లలకి ఇవి చూపించి, ఇక్కడ ఇదివరకు ఏముండేదో చెప్పడం నాకు అలవాటు. కానీ పటం పటమే. దాని మీద కూర్చుని ఎవరూ ప్రయాణం చేయలేరు.

తీసేసింది తిరిగి రాదనుకోనక్కరలేదు. ఫ్లోరిడాలోని ‘ఎన్‌చాంటెడ్ టికీ రూమ్’లో పాడే పక్షుల్ని పాతవైపోయాయని 1998లో సినిమా పాత్రలు చేర్చి హోరెత్తించారు. 2011 జనవరిలో లోపల చిన్న అగ్నిప్రమాదం జరిగింది. బాగుచేసి ఆ ఆగస్టులో తెరిచినప్పుడు పాత పక్షులు పాత పాటతోనే వచ్చాయి. ఎప్‌కాట్‌లో ‘ఫిగ్మెంట్’ అనే ఊదారంగు డ్రాగన్‌ని 1999లో దాదాపు పక్కన పెట్టేసి, జనం ఊరుకోకపోతే 2002లో వెనక్కి పిలిచారు. సంస్థ చెవులు మూసుకుని లేదు, గట్టిగా అడిగితే వింటుంది. అందుకే అడుగుతున్నాను.

2025 జులై 6 మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ‘రివర్స్ ఆఫ్ అమెరికా’ నదికి చివరి రోజు. నిజమైన ఆవిరితో నడిచే లిబర్టీ బెల్ ఓడ, తెప్ప మీద వెళ్ళే టామ్ సాయర్ ద్వీపం, అన్నీ దాంతోపాటే. ఆ స్థలంలో ‘కార్స్’ సినిమా లోకం కడుతున్నారు. రెండు రైడ్లు ఉంటాయని, ఒకటి చిన్నపిల్లల కోసమని చెప్పారు, సంతోషం. కానీ ఆ నది రైడ్ల మధ్య జనానికి ఊపిరి తీసుకునే జాగా. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో ఇదే పేరున్న నదికి వేరే దారి దొరికింది. ‘స్టార్ వార్స్’ ప్రాంతం కోసం జాగా కావలసినప్పుడు అక్కడ నదిని పూడ్చలేదు. ఉత్తరం కొన కత్తిరించి, రైలు పట్టాల్ని కొత్త వంపు తిప్పి, 2017లో మార్క్ ట్వేన్ ఓడని మళ్ళీ నడిపారు. 2019లో స్టార్ వార్స్ లోకం వచ్చింది, ఓడ కూడా ఉంది.

ఎప్‌కాట్‌లో 1982 నాటి పడవలు ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. ‘లివింగ్ విత్ ది ల్యాండ్’ అనే రైడ్‌లో అవి నిజమైన గ్లాస్‌హౌస్‌ల మధ్య నుంచి, మట్టి లేకుండా పండే టమాటాలు, గుమ్మడికాయలు, అరటిచెట్ల పక్కనుంచి పోతాయి. తెనాలి దగ్గర పొలం చేసిన మామయ్య అక్కడ మాకు గైడు. ఏ కాయ ముదిరిందో, ఏ ఆకుకి తెగులొచ్చిందో చెబుతూ ఉంటారు, ఆ పదిహేనేళ్ళవాడు ఫోన్ పక్కన పెట్టి వింటాడు. ఆ రైడ్‌ని కూడా ఎప్పుడో ఒకప్పుడు మార్చాలనుకుంటారు. మార్చండి. కొత్త పంటలు పెట్టండి, కొత్త దీపాలు పెట్టండి, మాట్లాడే గొంతు మార్చండి, కావాలంటే ఏ సినిమా బొమ్మనైనా తెచ్చి గుమ్మడి పాదు పక్కన నిలబెట్టండి. పడవలు మాత్రం ఉంచండి.