‘మోలోన్ లబే’: ప్రత్యుత్తరం నుంచి నినాదం దాకా – ఔచిత్య పరిశీలన

వ్యాససంగ్రహం:
క్రీ.పూ. 480లో జరిగిన థెర్మోపిలే యుద్ధంలో స్పార్టా రాజు లియోనిదాస్ పలికినట్లు చెప్పే ‘మోలోన్ లబే’ అనే మాట ఆధునికకాలంలో వేర్వేరు దేశాల్లోని రాజకీయ బృందాలకు నినాదమైంది. ఆ మాటను మూలప్రకరణంలో ఉంచి చదవడం, వక్త, బోద్ధవ్యుడు, దేశకాలాలు మారినప్పుడు దాని వ్యంగ్యార్థం ఎలా మారిందో భారతీయ కావ్యశాస్త్ర దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: నినాదం, థెర్మోపిలే, ప్లూటార్క్, బోద్ధవ్యుడు, ప్రస్తావం, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం:
ప్రాచీన గ్రంథంలోని మాట నినాదంగా మారాలంటే ముందు అది తన సన్నివేశం నుంచి విడివడాలి. అడిగినవాడు, అడిగిన ప్రశ్న, విన్నవాడు తొలగిపోగా మిగిలిన రెండు మూడు పదాలే జెండా మీదికి చేరుతాయి. వాచ్యార్థం మారకపోయినా వక్త, బోద్ధవ్యుడు, ప్రస్తావం, దేశం, కాలం మొదలైన వాటి విశేషాన్ని బట్టి వ్యంగ్యార్థం మారుతుందని మమ్మటుడు కావ్యప్రకాశంలో ప్రతిపాదించాడు. కావ్యవాక్యం కోసం చేసిన ఈ ప్రతిపాదన రాజకీయ నినాదానికీ వర్తిస్తుంది. అందుకు ‘మోలోన్ లబే’ తగిన ఉదాహరణ.

2. మూలాధారం:
థెర్మోపిలే యుద్ధానికి ప్రధానాధారం హెరొడోటస్ చరిత్రలోని ఏడవ గ్రంథం. యుద్ధం జరిగిన కొన్ని దశాబ్దాలకే రచించిన ఆ గ్రంథంలో ఈ సంవాదం లేదు. యుద్ధానికి అయిదు శతాబ్దాలకు పైగా గడిచిన తరువాత, ప్లూటార్క్ పేరుతో లభిస్తున్న స్పార్టన్ల సూక్తుల సంకలనంలో ఇది కనిపిస్తుంది. ప్రసిద్ధుల పేర్లకు చమత్కారోక్తులను చేర్చి చెప్పుకోవడం అటువంటి సంకలనాల స్వభావం. శ్రీనాథుని పేరుతో ప్రచారంలో ఉన్న చాటువులన్నింటినీ ఆయన రచనలుగా తెలుగు పరిశోధకులు అంగీకరించరు. ఈ సూక్తి విషయంలోనూ అంతటి జాగ్రత్త అవసరం.

సంకలనం ప్రకారం పారశీక చక్రవర్తి జెర్‌క్సీస్ ఆయుధాలు పంపమని లేఖ రాశాడు. దానికి వచ్చిన జవాబే ఈ రెండు పదాలు. ‘మోలోన్’ అనేది ప్రధానక్రియకు ముందు జరగవలసిన పనిని తెలిపే రూపం. ‘లబే’ ఏకవచన విధ్యర్థకం. తెలుగులోని క్త్వార్థకం ఈ నిర్మాణానికి చక్కగా సరిపోతుంది: ‘వచ్చి తీసుకో’. ఇంగ్లీషులో ఇది ‘రా, తీసుకో’ అనే రెండు ఆజ్ఞలుగా విడిపోయింది. మూలంలో రావడం తీసుకోవడానికి షరతు. ‘పంపు’ అన్నవాడికి ‘వచ్చి’ అని బదులివ్వడంలోనే చమత్కారమంతా ఉంది. ప్రశ్నను తొలగిస్తే ఆ విరోధం అదృశ్యమై సవాలు మాత్రమే మిగులుతుంది.

3. విస్మృతమైన ప్రకరణం:
సంకలనంలో ఈ జవాబుకు ముందు మరొక లేఖ ఉంది. తన పక్షాన చేరితే గ్రీసుకు ఏకైక పాలకుణ్ణి చేస్తానని జెర్‌క్సీస్ ఆశ చూపాడు. స్వజాతీయుల మీద ఏకాధిపత్యం చెలాయించడం కన్నా గ్రీసు కోసం మరణించడమే మేలన్న భావంతో లియోనిదాస్ దానిని నిరాకరించాడు. ఆయుధాల మాట ఆ తరువాతిది. అంటే, అధికారాన్ని తిరస్కరించినవాడి నోట మాత్రమే రెండవ జవాబుకు పూర్తి బలం వస్తుంది. నినాదంగా స్వీకరించినవారు మొదటి జవాబును వదిలి రెండవదానినే తీసుకున్నారు.

యుద్ధవృత్తాంతమూ ఇదే విధంగా కుదించుకుపోయింది. చివరి రోజున 300 మంది స్పార్టన్లతోపాటు థెస్పియా నగరానికి చెందిన 700 మంది స్వచ్ఛందంగా నిలిచి మరణించారని హెరొడోటస్ చెప్పాడు. మృతులలో స్పార్టన్ల బానిసప్రజలైన హెలోట్లు కూడా ఉన్నారని ఎనిమిదవ గ్రంథంలో పేర్కొన్నాడు. యుద్ధభూమిని చూడవచ్చినవారు ఆ శవాలను కూడా స్పార్టన్లవీ థెస్పియన్లవీ అనే భావించారట.

స్పార్టాలో ఆయుధం వ్యక్తిస్వేచ్ఛకు చిహ్నం కాదు. శిబిరాలలో బానిసలను ఆయుధాల దరికి చేరనివ్వరని జెనొఫోన్ రాశాడు. ఎఫోర్లు అనే అధికారులు ఏటా హెలోట్లపై యుద్ధం ప్రకటించేవారని, వారిని చంపినా దోషం అంటకుండా ఉండడమే దాని ఉద్దేశమని, అరిస్టాటిల్‌ను పేర్కొంటూ ప్లూటార్కే లైకర్గస్ చరిత్రలో చెప్పాడు. ‘వచ్చి తీసుకో’ అనే హక్కు స్పార్టాలోనే అందరిదీ కాదు.

4. మారిన వక్త – మారిన బోద్ధవ్యుడు:
4.1. సైప్రస్: 1957 మార్చి 3న మహైరాస్ మఠం సమీపంలోని రహస్యస్థావరంలో ఇయోకా నాయకుడు గ్రిగోరిస్ అఫ్‌క్సెంతియును బ్రిటిష్ సైనికులు చుట్టుముట్టారు. లొంగిపొమ్మన్నప్పుడు ఆయన ఈ మాటే అన్నాడని ప్రసిద్ధి. స్థావరానికి పెట్రోలుతో నిప్పంటించగా ఆయన మరణించాడు. ఇక్కడ బోద్ధవ్యుడు ఎదుటే ఉన్న సామ్రాజ్య సైన్యం; అడిగినది నిజంగా ఆయుధాలనే; వక్త తన మాటకు ప్రాణమే మూల్యంగా చెల్లించాడు. అయితే గ్రీసులో విలీనమనే ఇయోకా లక్ష్యం ద్వీపంలోని తుర్కులకు భయహేతువైంది. సన్నివేశౌచిత్యం రాజకీయ లక్ష్యాన్ని దానంతటదే సమర్థించదని దీనివల్ల తెలుస్తుంది.

4.2. అమెరికా: 1835లో టెక్సస్‌లోని గొంజాలెస్ వాసులు మెక్సికో సైన్యం తిరిగి ఇమ్మన్న ఫిరంగి బొమ్మను జెండా మీద చిత్రించి, అదే అర్థమిచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని రాశారు. నేడు ఆయుధహక్కుల ఉద్యమకారుల జెండాల మీద, చొక్కాల మీద గ్రీకు, ఇంగ్లీషు రూపాలు రెండూ కనిపిస్తాయి. ఇక్కడ బోద్ధవ్యుడు పరదేశ చక్రవర్తి కాదు. తుపాకులపై నియంత్రణ తేదలచిన ప్రభుత్వం, అంటే పౌరులే ఎన్నుకున్న శాసనకర్తలు. రాజ్యాంగపు రెండవ సవరణ గురించి చేయవలసిన వాదాన్ని నినాదం యుద్ధభాషలోకి మార్చుతుంది. వాదంలో ప్రతిపక్షికి జవాబు చెప్పే అవకాశముంటుంది. జెర్‌క్సీస్ స్థానంలో నిలబెట్టినవాడికి ఆ అవకాశం ఉండదు.

4.3. గ్రీసు: 1955లో థెర్మోపిలే వద్ద నెలకొల్పిన లియోనిదాస్ స్మారకం మీద ఈ పదాలు చెక్కి ఉన్నాయి. గోల్డెన్ డాన్ పార్టీ తన సభలకు ఆ స్థలాన్నే ఎంచుకొని, వలసవచ్చినవారిని నాటి పారశీక సైన్యానికి ప్రతిరూపంగా చిత్రించింది. ఆశ్రయం కోరి వచ్చిన నిరాయుధుడు బోద్ధవ్యుడైనప్పుడు ‘ఆయుధాలు పంపు’ అనే పూర్వవాక్యానికే తావు లేదు. అడగని ప్రశ్నకు జవాబు బెదిరింపుగా మారుతుంది. 2020 అక్టోబరులో ఏథెన్స్ న్యాయస్థానం ఆ పార్టీ నాయకత్వాన్ని నేరసంస్థ నడిపినందుకు దోషిగా నిర్ధారించింది.

5. పూర్వపక్షం – సమాధానం:
మాట ఎవరి సొత్తూ కాదని, ప్రతికాలానికీ కొత్త అర్థం కల్పించుకునే హక్కు ఉందని వాదించవచ్చు. పురాణకథలను ఎన్నోసార్లు తిరగరాసిన తెలుగు సాహిత్యం ఆ హక్కును కాదనలేదు. కానీ తిరగరాసిన కవి మూలంతో తన విభేదాన్ని ప్రకటిస్తాడు. నినాదధారి చేసేది దీనికి విరుద్ధం: తాను మూలాన్నే నిలబెడుతున్నానంటాడు, లియోనిదాస్ గౌరవాన్ని తనకు ఆపాదించుకుంటాడు. మూలం పేరుతో గౌరవం కోరినప్పుడు మూలంతో సరిపోల్చి ప్రశ్నించడం విమర్శ బాధ్యత అవుతుంది. అలంకారం తన స్థానంలో ఉన్నప్పుడే అలంకారమన్న క్షేమేంద్రుని ఔచిత్యభావన ఇక్కడ ప్రమాణంగా ఉపకరిస్తుంది.

6. ముగింపు:
● ‘మోలోన్ లబే’ ఒక సంవాదంలోని ఉత్తరార్ధం. ప్రశ్నను, పూర్వలేఖను కలిపి చదివినప్పుడే దాని అర్థం పూర్ణమవుతుంది.
● స్వీకర్తలు వక్తృస్థానాన్ని కోరుకోవడంతో పాటు ఎదుటివారికి శత్రుస్థానాన్ని కేటాయిస్తారు. నినాదం చేసే ప్రధాన రాజకీయకార్యం రెండవదే.
● అందువల్ల ప్రాచీన నినాదాల పరిశీలనలో ‘ఎవరు అన్నారు’ అనే ప్రశ్నతో సమానంగా ‘ఎవరితో అన్నారు, ఏమి అడిగితే అన్నారు’ అనే ప్రశ్నలకూ స్థానం కల్పించాలి.

లియోనిదాస్ స్మారకం వెలిసిన 42 ఏళ్లకు, 1997లో, అదే చోట 700 మంది థెస్పియన్లకు స్మారకం ఏర్పడింది. హెలోట్లు మాత్రం హెరొడోటస్ వాక్యంలోనే మిగిలారు. నినాదం విడిచిపెట్టినవారిని మూలగ్రంథం నేటికీ భద్రపరిచి ఉంచింది.