ముందు ఒక్క చైన్‌వీలు చాలు

మా ఊళ్లో గంటకింతని అద్దెకిచ్చే సైకిళ్లకు ముందు ఒకటే చైన్‌వీలు, వెనక ఒకటే ఫ్రీవీలు. చైను ఊడితే సైకిలు తలకిందులు చేసి, పుల్లముక్కతో చైనును పళ్ల మీదికి ఎక్కించి, పెడలు చేత్తో తిప్పితే టకటకమని పట్టుకునేది. చేతికంటిన నల్లజిడ్డు ఇసకతో రుద్దితే తప్ప పోయేది కాదు. ఏళ్ల తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఒక పాత మౌంటెన్ బైకు ఫ్రేము కొని, దానికి విడిభాగాలు ఏరుకుంటూ కూర్చున్నప్పుడు మళ్లీ అక్కడికే వచ్చాను. ముందు ఒక్క చైన్‌వీలు. ఈసారి అది పేదరికం వల్ల కాదు, బాగా ఆలోచించి చేసిన ఎంపిక.

కొండసైకిలు పుట్టింది ఇక్కడే, గోల్డెన్ గేట్ వంతెన దాటితే వచ్చే మారిన్ కౌంటీలో. 1970లలో అక్కడి కుర్రాళ్లు 1930లు, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లు పాత సామాన్లలోంచి తెచ్చి, మడ్‌గార్డులూ కారియర్లూ ఊడదీసి, కొండవాలున వదిలేవారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర మొదటి పందెం జరిగింది. సుమారు రెండు మైళ్ల మట్టిదారిలో 1,300 అడుగుల దిగుడు. పెడలు వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజంతా పొగైపోయేది. కిందికి దిగాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరుకోవాలి. ఆ కూరుకునే పనే పందేనికి పేరైంది: రీప్యాక్. ఆ కుర్రాళ్లలో గ్యారీ ఫిషర్ ఆ బరువు సైకిళ్లకు గేర్లు బిగించాడు. జో బ్రీజ్ 1977లో ఈ పని కోసమే కొత్త ఫ్రేము కట్టాడు. ఆ రోజుల్లో బ్రేకు లీవర్లు మోటార్‌సైకిలువి, మిగతా భాగాలు ఎక్కడ ఏది దొరికితే అది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే. ఏ కంపెనీ సెట్టూ పెట్టెలో వచ్చి కొండసైకిలు కాలేదు. ఏ ముక్క ఏ ముక్కతో కలుస్తుందో తెలిసిన చేతులు దాన్ని కట్టాయి.

1981లో అమ్మకానికొచ్చిన కొండసైకిలు స్టంప్‌జంపర్‌కు ముందు మూడు చైన్‌వీళ్లు, వెనక ఐదు. ఆ లెక్క పెరుగుతూ ఒక దశలో 27 గేర్లకు చేరింది. కానీ ఆ ఇరవై ఏడూ ఇరవై ఏడు కాదు. ముందు 22 పళ్ల చిన్న చైన్‌వీలుతో వెనక 11 పళ్లు కలిపితే వచ్చే గేరూ, ముందు 44 పళ్ల పెద్దదానితో వెనక 23 కలిపితే వచ్చే గేరూ కాలికి ఇంచుమించు ఒకటే. అసలు ఇబ్బంది వేరే ఉంది. చైనులో పై వరస మన బలంతో బిగుసుకుని ఉంటుంది, కింది వరస వదులుగా ఉంటుంది. వెనక గేరు మార్చే డీరైలర్ ఆ వదులు వరసను నెమ్మదిగా పక్కకు జరుపుతుంది. ముందు డీరైలర్ మాత్రం బిగుసుకున్న పై వరసనే రేకుతో పక్కకు నెట్టాలి. ఎదురుగా మెట్ట వచ్చి, ఒంట్లో సత్తువంతా పెడలు మీద పెట్టి తొక్కుతున్న క్షణంలో. అందుకే అది గీసుకుంటుంది, మొరాయిస్తుంది, ఒక్కోసారి చైనును క్రాంకుకూ ఫ్రేముకూ మధ్య ఇరికిస్తుంది.

ముందు డీరైలర్ తీసేస్తే చైనును చైన్‌వీలు మీద నిలబెట్టేదెవరు? 2012లో శ్రామ్ కంపెనీ ఎక్స్ఎక్స్‌వన్ పేరుతో తెచ్చిన సెట్టు ఈ ప్రశ్నకు పళ్లలోనే జవాబు పెట్టింది. చైనును దగ్గరగా చూడండి. ఒక లింకు లోపలి పలకలది, సందు ఇరుకు. పక్కది బయటి పలకలది, సందు వెడల్పు. చైను పొడవునా ఇదే వరస. చైన్‌వీలు పళ్లను కూడా ఒకటి సన్నం, ఒకటి మందంగా కోస్తే ప్రతి పన్నూ తన సందులో నిండుగా కూర్చుంటుంది, చైను అటూ ఇటూ ఊగదు. అందువల్లే ఈ చైన్‌వీళ్లకు పళ్లు ఎప్పుడూ సరిసంఖ్యే: 30, 32, 34. బేసి అయితే రెండో చుట్టుకే లావు పన్ను ఇరుకు సందులో పడుతుంది. చైను ఎక్కించేటప్పుడు కూడా లావు పన్ను వెడల్పు సందులోనే పడిందో లేదో చూసుకోవాలి. దీనికి తోడు వెనక డీరైలర్‌లో క్లచ్ ఉంటుంది. గతుకుల్లో డీరైలర్ కాలు ముందుకు ఊగి చైను వదులవకుండా రాపిడితో పట్టుకునే చిన్న ఏర్పాటు. ఈ రెండూ కలిస్తే చైను ఊడడం అరుదైపోతుంది.

ఎక్స్ఎక్స్‌వన్ మామూలు జేబుకు అందేది కాదు. 2019, 20 సంవత్సరాలకు అదే ఆలోచన చవక వరసల్లోకి దిగింది. మైక్రోషిఫ్ట్ వాళ్ల అడ్వెంట్, అడ్వెంట్ ఎక్స్, షిమానో డియోర్‌లో పది, పదకొండు గేర్ల రకాలు వచ్చాయి. తక్కువ డబ్బుతో బైకు కట్టుకునేవాళ్లకు అసలు మేలుకాలం అప్పుడే మొదలైందని నా అభిప్రాయం.

కొనేముందు చూడవలసింది డీరైలర్‌ను కాదు, మీ దగ్గరున్న వెనక చక్రాన్ని. వెనక పళ్లచక్రాల గుత్తి, అంటే కాసెట్, ఎక్కి కూర్చునే గాళ్ల బొంగును ఫ్రీహబ్ అంటారు. షిమానో హెచ్‌జీ రకం గాళ్లు 1980ల చివర్నుంచి కోట్ల చక్రాల మీద ఉన్నాయి. దానిమీద అతి చిన్న పళ్లచక్రం మామూలుగా 11 పళ్లది. 10 పళ్లది కావాలంటే శ్రామ్ ఎక్స్‌డీ గానీ, షిమానో 2018లో తెచ్చిన మైక్రో స్ప్లైన్ గానీ ఉండాలి. అంటే హబ్బు మార్చాలి, కొన్నిసార్లు చక్రమే మార్చాలి. ఒక్క పన్ను కోసం అంత ఖర్చు నేను ఎవరికీ చెప్పను. 11తో మొదలయ్యే కాసెట్లలోనే కావలసినంత ఉంది: డియోర్ పది గేర్లలో 11–46, పదకొండు గేర్లలో 11–51, అడ్వెంట్ ఎక్స్‌లో 11–48. శ్రామ్ ఎన్ఎక్స్ ఈగిల్ పన్నెండు గేర్ల కాసెట్ కూడా 11–50, హెచ్‌జీ మీదే ఎక్కుతుంది, కానీ బరువు 600 గ్రాములు దాటుతుంది.

రెండో సూత్రం వియ్యం లాంటిది. షిఫ్టరూ వెనక డీరైలరూ ఒకే ఇంటివి కావాలి. షిఫ్టర్ ఒక్కో నొక్కుకు ఎంత కేబులు లాగుతుందో, దానికి డీరైలర్ ఎంత జరుగుతుందో ఒక్కో కంపెనీకీ, ఒక్కో వరసకూ ఒక్కో లెక్క. షిమానో షిఫ్టర్‌ను శ్రామ్ డీరైలర్‌కు కట్టడం ఉత్త డబ్బు దండగ. ఈ జంట కుదిరాక మిగతావాటితో చాలా స్వేచ్ఛ ఉంది. పది గేర్ల షిమానో జంట కింద సన్‌రేస్ కాసెట్, కేఎంసీ చైను హాయిగా నడుస్తాయి. గేర్ల సంఖ్య కలిస్తే చాలు. అయితే రెండు మినహాయింపులు గుర్తుపెట్టుకోవాలి. 2023లో షిమానో తెచ్చిన క్యూస్ వరసలో కాసెట్ పళ్లచక్రాల మధ్య ఎడం వేరు, కాబట్టి దాని షిఫ్టర్, డీరైలర్, కాసెట్ మూడూ కలిపే కొనాలి. షిమానో పన్నెండు గేర్ల చైనుకు లోపలి పలకల ఆకారం వేరు, పాత చైన్‌వీళ్లు కొన్ని దానికి నప్పవు.

డబ్బు మిగిల్చే అసలు కిటుకు క్రాంకులో ఉంది. పాత మూడు చైన్‌వీళ్ల క్రాంకును పారేయకండి. దాని నాలుగు బోల్టులు 104 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటే, మూడు చైన్‌వీళ్లూ విప్పేసి, మధ్య చైన్‌వీలు ఉండే చోటే 32 పళ్ల సన్నం–లావు పళ్ల చైన్‌వీలు ఒకటి బిగించండి. పొట్టి బోల్టులు మాత్రం వేరే కొనాలి. పాతవి రెండు చైన్‌వీళ్ల మందానికి సరిపడేవి, ఒకదాన్ని బిగించలేవు. మధ్య స్థానమే ఎందుకంటే, అక్కడినుంచి చైను కాసెట్ నడిమికి ఇంచుమించు తిన్నగా పోతుంది. అటు పెద్దదానికీ ఇటు చిన్నదానికీ వంపు సమంగా పడుతుంది.

ముందు 32, వెనక 48 అనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 0.67 చుట్టు తిరుగుతుంది. పాత మూడు చైన్‌వీళ్ల బైకులో అతి తేలిక గేరు 22కు 34, అంటే 0.65. మూడు శాతం తేడా, కాలికి తెలియదు. పోయేదల్లా పై చివర. పాత 44కు 11లో నాలుగు చుట్లు, ఇప్పుడు 32కు 11లో 2.9. అయినా 29 అంగుళాల చక్రంతో నిమిషానికి 90 తొక్కుళ్లకు గంటకు 36 కిలోమీటర్లు వస్తుంది. మట్టి దిగుడులో అంతకన్నా వేగం కావాలంటే తొక్కనక్కరలేదు, కొండే ఇస్తుంది. తారురోడ్డు మీద రోజూ ఇరవై మైళ్లు పోయేవాళ్లకు మాత్రం ఈ పద్ధతి నేను చెప్పను. గేరుకూ గేరుకూ మధ్య అంగ పెద్దది. డియోర్ 11–46లో చివరి అడుగు 37 నుంచి 46కు, దాదాపు నాలుగో వంతు. కొండమీద అది నచ్చుతుంది, చదునులో గాలికి ఎదురు తొక్కేటప్పుడు చికాకు.

చైను మీద పిసినారితనం వద్దు. అరిగిన చైను సాగి, పళ్లను తనలాగే తినేస్తుంది. పదకొండు, పన్నెండు గేర్ల చైను అర శాతం సాగగానే, తొమ్మిది, పది గేర్లది ముప్పాతిక శాతానికి మార్చేయాలి. కొలిచే సాధనం చిన్న రేకుముక్క, చవక. అది చూసి చైను మారుస్తూ పోతే ఒక కాసెట్ మీద రెండు మూడు చైన్లు నడుస్తాయి.

బిగింపులో అన్నిటికన్నా ముందు హ్యాంగర్ చూసుకోవాలి. ఫ్రేముకు డీరైలర్ వేలాడే చిన్న అల్యూమినియం చెవి అది. ఒకసారి పడిపోయాక నా బైకు గేర్లు గెంతడం మొదలుపెడితే, డీరైలర్ పాడైందనుకుని కొత్తది కొన్నాను. అదీ గెంతింది. వంకరపోయింది చెవి. కంటికి ఆనదు, చక్రం అంచుకు కొలకర్ర పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అది తిన్నగా ఉన్నాకే పై హద్దు, కింది హద్దు స్క్రూలు. ఆ తర్వాత బీ స్క్రూ. డీరైలర్ పై చిన్నచక్రానికీ 48 పళ్లదానికీ మధ్య ఎడం కంపెనీ చెప్పిన కొలతకు తేవాలి. పెద్ద కాసెట్ల మీద గేరు మారడం మొత్తం ఈ ఎడం మీదే ఆధారపడుతుంది. చివర్న కేబులు బిగువు.

ఇలా కట్టిన బైకుతో పోయిన నెల ఫెయిర్‌ఫాక్స్ పైన మట్టిదారి ఎక్కాను. మొదటి మలుపులో 34 పళ్లు, రాళ్లు మొదలయ్యాక 40. నిటారు మెట్ట దగ్గర బొటనవేలు ఒక్కసారి నొక్కితే చైను 48 మీదికి టక్కున ఎక్కింది. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో, కూర్చునే, మెట్ట పైకి చేరాను. ఎడమచేతి దగ్గర షిఫ్టర్ లేదు. అక్కడ ఇప్పుడు ఒక చిన్న గంట బిగించాను.