సైకిలుకు కాఫీ ఇంధనమా?

ఆదివారం తెల్లవారుజామున నాగోల్ మెట్రో స్టేషను దగ్గర కొంతసేపు నిలబడి చూస్తే రెండు రకాల సైకిళ్ళు కనబడతాయి. మొదటి రకం సైకిలుకు పాలక్యానో, కూరగాయల బుట్టో, అన్నం క్యారియరో వ్రేలాడుతూ ఉంటుంది. దానిని త్రొక్కేవాడు నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టుకు పోతున్న కార్మికుడో, ఇంటింటికీ పాలు పోసేవాడో అయి ఉంటాడు. రెండవ రకం సైకిలుకు సన్నని చక్రాలుంటాయి. త్రొక్కేవారి తలమీద హెల్మెట్టు ఉంటుంది. వీరు గుంపుగా ఉప్పల్ కూడలి దాటి, వరంగల్లు రోడ్డున ఘట్‌కేసర్ వైపు పోయి వస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఒక హోటలు గోడకు సైకిళ్ళు ఆనించి, కాఫీ త్రాగి గాని ఇళ్ళకు చేరరు.

మొదటివాడికి సైకిలు అవసరం, రెండవవారికి వ్యాయామం. ఈ రెండవవారి ద్వారా ఒక నమ్మకం వ్యాపిస్తున్నది. సైకిలు త్రొక్కేవారికి కాఫీ బలమిస్తుందనీ, అది ఇంధనం వంటిదనీ ఆ నమ్మకం. పెద్దల మధ్య ఇది సరదా మాటగా ఉండిపోతే పేచీ లేదు. కాని సైకిలు మీద బడికి పోయే విద్యార్థి ఫలహారం మాని, ఒక గ్లాసు కాఫీతో బయలుదేరటానికి ఇదే మాట ఆధారమైతే దాని మంచిచెడ్డలు విచారించక తప్పదు.

కాకి, తాటిపండు

సైకిలు పందాలకూ కాఫీకీ జత కుదిరినది ఐరోపాలో. ఇటలీలో కాఫీ యంత్రాలు తయారుచేసిన ఫేమా కంపెనీ ఒక పందెగాళ్ళ జట్టును పోషించింది. బెల్జియం దేశస్థుడైన ఎడ్డీ మెర్క్స్ 1968లో ఇటలీ దేశపు జీరో పందాన్నీ, 1969లో ఫ్రాన్సు దేశపు టూర్ పందాన్నీ గెలిచినప్పుడు అతని చొక్కా మీద ఉన్న పేరు ఈ కంపెనీదే. 1980 దశకంలో కొలంబియా దేశపు కాఫీ రైతుల సమాఖ్య కూడ తమ కాఫీ పేరుతో ఒక జట్టును నిలిపింది. ఆ జట్టులోని లూయిస్ హెర్రేరా 1987లో స్పెయిన్ దేశపు వుయెల్తా పందెంలో ప్రథముడైనాడు.

చొక్కా మీద కాఫీ పేరుండటం వేరు. కాళ్ళలో కాఫీ బలముండటం వేరు. కాకి వ్రాలగానే తాటిపండు రాలితే, పండు రాలటానికి కాకియే కారణమనుకోవటాన్ని పెద్దలు కాకతాళీయమన్నారు. గెలిచినవాడి చొక్కాను చూసి కాఫీకి గెలుపు అంటగట్టటం అటువంటిదే. ప్రకటన ప్రమాణం కాదు. ప్రమాణం కావాలంటే ప్రయోగశాలకే పోవాలి.

ప్రయోగాలు ఏమంటున్నవి?

1978లో అమెరికాలో కాస్టిల్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ 9 మంది సైకిలు పందెగాళ్ళపై ఒక ప్రయోగం ప్రకటించినారు. ఒకనాడు 330 మిల్లీగ్రాముల కెఫీన్ గల కాఫీ, మరొకనాడు కెఫీన్ తీసివేసిన కాఫీ ఇచ్చి, గంట తరువాత అలసి ఆగిపోయేవరకు నిలకడ సైకిలు త్రొక్కించినారు. కెఫీన్ లేనినాడు వారు సగటున సుమారు 75 నిమిషాలు త్రొక్కగా, ఉన్ననాడు సుమారు 90 నిమిషాలు త్రొక్కగలిగినారు.

2013లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగం మరింత కట్టుదిట్టమైనది. శిక్షణ పొందిన 8 మందికి వేర్వేరు రోజులలో కాఫీ, కెఫీన్ లేని కాఫీ, నీటిలో కలిపిన కెఫీన్, ఏ ప్రభావమూ లేని ఉత్త పానీయం ఇచ్చినారు. నిర్ణీతమైన పనిని పూర్తిచేయటానికి కెఫీన్ ఉన్న రెండు రోజులలో సుమారు 38 నిమిషాలు, లేని రెండు రోజులలో సుమారు 40 నిమిషాలు పట్టింది. అనగా పనిచేసినది కాఫీ రుచి కాదు, వాసన కాదు, అందులోని కెఫీన్.

కాబట్టి నమ్మకం పూర్తిగా అబద్ధం కాదు. ఈ న్యాయం కాఫీకి చేయవలసిందే. అయితే “బలం” అనే మాట దగ్గరనే చిక్కు వచ్చింది.

బలం కాదు, కబురు ఆగటం

ఇంధనమంటే మండి శక్తినిచ్చేది. పాలు, పంచదార లేని కాఫీలో శక్తి దాదాపు శూన్యం. పాలూ, రెండు చెంచాల పంచదారా వేసిన చిన్న గ్లాసు కాఫీలో ఉండే శక్తి నూరు కేలరీలకు లోపే. అదికూడ పాలది, పంచదారది. పెద్దవాడు ఒక మోస్తరు వేగంతో గంటసేపు సైకిలు త్రొక్కితే మూడు నాలుగు వందల కేలరీలు ఖర్చవుతాయి. ఈ లెక్క ఒక్కటి చాలు, కాఫీ ఇంధనం కాదని తేలటానికి.

మరి ఆ పదిహేను నిమిషాలు ఎక్కడనుంచి వచ్చినవి? కెఫీన్ వలన శరీరం క్రొవ్వును ఎక్కువగా వాడుకొని, కండరాలలోని గ్లైకోజెన్‌ను పొదుపు చేస్తుందని కాస్టిల్ ప్రభృతులు భావించినారు. తరువాతి పరిశోధనలు ఆ వివరణను బలపరచలేదు. నేడు శాస్త్రజ్ఞులు ప్రధానంగా అంగీకరించే వివరణ వేరు. మెలకువగా పనిచేస్తున్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది నాడీకణాలపై తనకు కేటాయించిన స్థానాలలో కూర్చొని, “అలసినావు, ఆగు” అన్న కబురు చెబుతుంది. కెఫీన్ అణువు ఆకారం అడినోసిన్‌ను కొంత పోలి ఉంటుంది. అది ముందుగా వచ్చి ఆ స్థానాలను ఆక్రమిస్తుంది. కబురు అందదు; అలసట తెలియదు.

బండిలో పెట్రోలు తక్కువైనదని చూపే ముల్లును కదలకుండా పట్టుకున్నంత మాత్రాన టాంకు నిండదు. కాఫీ చేసే పని దాదాపు ఇటువంటిది. టాంకులో ఇంధనమున్న పందెగాడికి ఇది కొంత ఉపకరిస్తుంది. ఖాళీ కడుపుతో బడికి బయలుదేరిన పిల్లవాడికి ఇది అపకారం, ఎందుకంటే ఆకలీ అలసటా చెప్పవలసిన మాటను వాడు వినలేకపోతాడు.

మోతాదు లెక్క

నాగోల్‌లో మెట్రో ఎక్కితే ఉప్పల్, స్టేడియం, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ స్టేషన్ల తరువాత తార్నాక వస్తుంది. అక్కడ ఉన్నది జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఈ సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శక సూత్రాలను తిరిగి ప్రకటించింది. వాటి ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షను కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాములు కెఫీన్ ఉంటుంది. రోజు మొత్తానికి 300 మిల్లీగ్రాములు మించరాదు.

ఇంగ్లండు ప్రయోగంలో ఇచ్చినది శరీరపు బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది సరిగా 300. రోజంతటి హద్దు ఒక్క మారుగా త్రాగటమన్నమాట. కాస్టిల్ ఇచ్చిన 330 ఆ హద్దునే దాటింది. హోటలులో ఒక చిన్న గ్లాసు కాఫీ త్రాగి, ఆ ప్రయోగాల ఫలితం తనకూ దక్కిందనుకొనటం లెక్క తప్పటమే. పైగా ఆ గ్లాసులో ఎంత కెఫీన్ ఉన్నదో చెప్పటం సులభం కాదు. రోబస్టా గింజలలో అరాకు లోయలో పండే అరబికాకంటె కెఫీన్ సుమారు రెట్టింపు. పొడిలో కలిపే చికోరీలో అసలే లేదు. చట్టప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో 49 శాతం వరకు చికోరీ ఉండవచ్చును.

విద్యార్థుల లెక్క ఇంకా చిన్నది. పిల్లలకూ, కౌమార వయస్కులకూ రోజుకు కిలోకు 3 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే ఆందోళన లేదని 2015లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పేర్కొన్నది. 45 కిలోల విద్యార్థికి అది 135. ఒక పెద్ద కప్పు డికాక్షను కాఫీతో ఆ వాటా దాదాపు ముగిసిపోతుంది. కెఫీన్ సగం తగ్గటానికి పెద్దలలో సుమారు అయిదు గంటలు పడుతుంది గనుక, సాయంత్రం అయిదింటికి త్రాగినదానిలో సగం రాత్రి పదింటికి కూడ రక్తంలోనే ఉండి నిద్రను చెడగొడుతుంది.

ప్రయోగాలలో పాల్గొన్నవారు ఎవరన్నది కూడ అడగవలసిన ప్రశ్న. వారు కొద్దిమంది, శిక్షణ పొందినవారు, ఎక్కువగా పురుషులు. 2018లో కెనడాలో 101 మంది పురుష క్రీడాకారులతో 10 కిలోమీటర్ల సైకిలు పరీక్ష జరిపినప్పుడు, కెఫీన్‌ను విచ్ఛిన్నం చేసే ఒక జన్యువులోని భేదాన్ని బట్టి కొందరి వేగం పెరగగా, కొందరి వేగం తగ్గినట్లు తేలింది. అందరికీ ఒకే మందు చెల్లదు.

త్రాగే వేళ

ఇక అన్నిటికంటె తేలిక విషయం. త్రాగిన కెఫీన్ రక్తంలో హెచ్చు స్థాయికి చేరటానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే రెండు ప్రయోగాలలోను కాఫీని గంట ముందుగా ఇచ్చినారు. ఉప్పల్ రోడ్డున సైకిళ్ళవారు త్రాగేది ప్రయాణం ముగిసిన తరువాత. త్రొక్కటమయిన తరువాత త్రాగిన కాఫీ ఆ చక్రాన్ని త్రిప్పినదనటం ఎట్లా కుదురుతుంది? కాబట్టి ఆ కాఫీ బలం కొరకు కాదు, నలుగురూ కూర్చొని మాట్లాడుకొనటం కొరకు. అది మంచిదే. ఆ మంచికి శాస్త్రం పేరు తగిలించనక్కరలేదు.

కాని ఈ కాఫీ ఇడ్లీతోనో, ఉప్మాతోనో కలిపి త్రాగితే మరొక నష్టమున్నది. పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి నల్లసిరా చేసేవారు. అన్నభేది ఇనుప లవణం. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో జతకట్టడం వలన ఆ నలుపు వస్తుంది. టీ, కాఫీలలోని వగరు పదార్థాలు కూడ కడుపులో ఇనుమును ఇట్లే పట్టుకొని, రక్తంలోకి పోనీయవు. 1983లో ప్రకటించిన ఒక అమెరికన్ ప్రయోగంలో, భోజనంతో ఒక కప్పు కాఫీ త్రాగితే ఇనుము గ్రహింపు 39 శాతం, టీ త్రాగితే 64 శాతం తగ్గింది. భోజనమయిన గంటకు త్రాగిన కాఫీ కూడ అంతే తగ్గించింది. గంట ముందు త్రాగినది మాత్రం తగ్గించలేదు. భోజనానికి ముందూ వెనుకా కనీసం గంటసేపు టీ, కాఫీలు వద్దని తార్నాక సంస్థ చెప్పటానికి కారణం ఇదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల బాలికలలో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇనుము చాలకపోతే హీమోగ్లోబిన్ తగ్గుతుంది. హీమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు ప్రాణవాయువు చాలదు. సైకిలు ఎక్కిన కొంతసేపటికే ఆయాసం వస్తుంది. ఆ ఆయాసానికి విరుగుడుగా బాలిక ఫలహారంతోపాటు కాఫీ త్రాగితే, అలసట కబురు ఆగుతుంది, ఇనుము అందటమూ తగ్గుతుంది. రోగం దాగుతుంది, రోగకారణం పెరుగుతుంది. పందెగాడి ప్రయోగఫలితాన్ని ఆ బాలికకు అప్పగించటంలోని దోషం ఇది.

ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలో చూపటం కష్టం కాదు. పాలు కలపని టీ డికాక్షనులో ఫెర్రిక్ క్లోరైడు ద్రావణం నాలుగు చుక్కలు వేస్తే అది నల్లబడుతుంది. ఆ నలుపును చూచిన విద్యార్థికి వేరే ఉపన్యాసం అక్కరలేదు. సైకిలు త్రొక్కేవారికి మొదట కావలసినవి కడుపునిండా ఫలహారం, మంచినీరు, రాత్రి నిద్ర. పెద్దలకు ఆ తరువాత స్నేహితులతో కాఫీ అంటారా, అది ఒక గంట ఎడం ఉంచి త్రాగితే రుచి ఏమీ తగ్గదు.